నిలిపి ఉంచిన బండిలో కనిపించని లోపాలు

వంటగది, పడకలు, స్నానాలగది, మరుగుదొడ్డి అన్నీ ఒకే చట్రం మీద అమర్చుకుని రోడ్డు మీద తిరిగే బండిని అమెరికాలో ఆర్‌వీ అంటారు. సినిమా షూటింగుల పుణ్యమా అని తెలుగువారికి కారవాన్ పేరుతో పరిచయమైన బండి దీనికి దగ్గరి చుట్టమే గాని, అది నటులు కాసేపు సేదతీరే గది అయితే, ఇది ఒక కుటుంబం వారాల తరబడి కాపురం చేసే ఇల్లు. సొంత ఇంజను ఉన్నదాన్ని మోటార్‌హోమ్ అని, మరో వాహనం వెనక తగిలించి లాగేదాన్ని ట్రావెల్ ట్రైలర్ అని, పికప్ ట్రక్కు తొట్టిలో బిగించిన పట్టుకు తగిలించేదాన్ని ఫిఫ్త్ వీల్ అని వ్యవహరిస్తారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో సెలవులకు వీటిని అద్దెకు తీసుకునేవారూ, ఒకటి రెండు ప్రయాణాల తర్వాత సొంతంగా కొనుక్కునేవారూ ఉన్నారు. కొన్న తొలి ఏడాదిలోనే వారికి ఎదురయ్యే ప్రశ్న ఏమిటంటే, ఇల్లు కొన్నంత డబ్బు పోసినా ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకోకపోవడం, ట్యాంకు ఖాళీ చేశాక కూడా నిండే ఉందని మీటరు చూపించడం, తాలింపు పెట్టగానే అలారం కూయడం వంటి లోపాలు ఇందులో ఎందుకున్నాయన్నది.

దీనికి కారణాన్ని పనివారి అశ్రద్ధలో వెతికితే సగం జవాబే దొరుకుతుంది. డీలరు ఆవరణలో ఆర్‌వీ ఎప్పుడూ ఒకే స్థితిలో ఉంటుంది: సామాను లేకుండా ఖాళీగా, ట్యాంకుల్లో చుక్క నీరు లేకుండా పొడిగా, చదునైన నేల మీద మట్టంగా, జరిపే గోడలన్నీ బయటికి తెరిచి, కరెంటు తగిలించి. కొనేవారు పదిహేను నిమిషాలు లోపల తిరిగి, సోఫాలో కూర్చుని, వంటగది గట్టు నునుపు చూసి నిర్ణయం తీసుకుంటారు కనుక, తయారీదారు తెలివితేటలన్నీ ఆ పదిహేను నిమిషాల మీదే ఖర్చవుతాయి. పైన పటారం లోన లొటారం అన్న మాట ఇక్కడ కేవలం నింద కాదు, వ్యాపార సూత్రం. ఆ స్థితి మారినప్పుడు, అంటే బండి నిండినప్పుడు, తడిసినప్పుడు, ఒరిగినప్పుడు, గోడలు మూసుకున్నప్పుడు, కరెంటు తగ్గినప్పుడు ఏమవుతుందో ముందుగానే పరీక్షించడమే కొనేవారు అలవరచుకోవలసిన నేర్పు.

తయారీ తీరు కూడా ఈ పరిస్థితికి తోడవుతుంది. అమెరికాలో తయారయ్యే ఆర్‌వీల్లో అత్యధికభాగం ఇండియానా రాష్ట్రంలో, ముఖ్యంగా ఎల్కార్ట్ కౌంటీ పరిసరాల్లో తయారవుతాయి. అక్కడి చాలా కర్మాగారాల్లో రోజుకు ఇన్ని బండ్లకు ఇంత అన్న లెక్కన కూలి ముడుతుంది కనుక, నిదానంగా బిగించిన స్క్రూకు ప్రత్యేకంగా దక్కేదేమీ లేదు. కోవిడ్ కాలపు గిరాకీలో, 2021లో ఒక్క ఏడాదే ఆరు లక్షలకు పైగా ఆర్‌వీలు కర్మాగారాలు దాటాయి. నియంత్రణ లేదని కాదు. టైర్లు, బ్రేకులు, దీపాలు ఫెడరల్ నిబంధనల కిందికి వస్తాయి; గ్యాసు, నీటి గొట్టాలు, అగ్నిప్రమాద నివారణ ఎన్‌ఎఫ్‌పీఏ 1192 అనే ప్రమాణం కిందికి వస్తాయి. అయితే ఇవన్నీ ప్రాణరక్షణకు సంబంధించినవి. మంచం దిగి స్నానాలగదికి వెళ్లడానికి దారి ఉందా లేదా అని చూసే ప్రమాణం మాత్రం ఏదీ లేదు.

ఆ దారి సంగతి స్లయిడ్‌ దగ్గర తేలుతుంది. బండి ఆగాక గోడలో ఒక భాగం, దానికి అంటుకున్న సోఫా, మంచం లేదా వంటగట్టుతో సహా, సొరుగులా బయటికి జరిగి లోపలి స్థలాన్ని పెంచే ఏర్పాటును స్లయిడ్ అంటారు. 1990లో న్యూమార్ కంపెనీ మోటార్‌హోముల్లో ప్రవేశపెట్టిన ఈ ఏర్పాటు ఇరుకుతనం అనే పాత ఫిర్యాదును తీర్చింది గాని, కొత్తవాటిని తెచ్చిపెట్టింది. రోడ్డు మీద స్లయిడ్ లోపలే ఉండాలి. అప్పుడు వంటగట్టు ఎదుటి సోఫాను తాకేంత దగ్గరికి వస్తుంది, ఫ్రిజ్ తలుపు బెత్తెడు మాత్రమే తెరుచుకుంటుంది, కొన్ని నమూనాల్లో పడకగదికి, మరుగుదొడ్డికి దారి పూర్తిగా మూసుకుపోతుంది. హైవే పక్క విశ్రాంతి స్థలంలో పిల్లలకు పెరుగన్నం పెట్టాలన్నా, ముసలివారు మరుగుదొడ్డికి వెళ్లాలన్నా అటూ ఇటూ మూడేసి అడుగుల ఖాళీ చూసి స్లయిడ్ తెరవవలసి వస్తే, ఇల్లు వెంట ఉన్నందువల్ల కలిగిన లాభమేమిటో చెప్పడం కష్టం. కనుక బండి చూడబోయినవారు మొట్టమొదట అడగవలసింది స్లయిడ్లన్నీ మూయమని. మూసిన తర్వాత లోపలికి ఎక్కి, ఫ్రిజ్‌లోంచి పాలడబ్బా తీసి, మరుగుదొడ్డిలోకి వెళ్లి తలుపు వేసుకుని, మంచం అంచు దాకా నడిచి చూడాలి. డీలరు మనిషి కాస్త విసుక్కున్నా ఫరవాలేదు. మోటారు పనిచేయనప్పుడు స్లయిడ్‌ను చేత్తో లోపలికి తెచ్చే మర తిప్పే పిడి ఎక్కడుందో, దానికి చేయి అందుతుందో లేదో కూడా అప్పుడే చూడాలి. దాన్ని సరిగ్గా ఆ స్లయిడ్ కిందనే దాచిన బండ్లూ లేకపోలేదు.

ఖాళీ బండి దాచే రెండో విషయం బరువు. ప్రతి ఆర్‌వీ తలుపు దగ్గర ఒక పసుపు రంగు చీటీ అతికించి ఉంటుంది. మోటార్‌హోములో మనుషులూ సామానూ కలిపి, ట్రైలరులో సామాను మాత్రం, ఇంతకు మించకూడదన్న అంకె దాని మీద ఉంటుంది. నిండు నీటి ట్యాంకు ఆ బరువులో ఎంత భాగమో కూడా అదే చీటీ చెబుతుంది. ఉదాహరణకు ఒక మోటార్‌హోము చీటీ మీద 1,200 పౌండ్లని ఉందనుకుంటే, అంటే సుమారు 544 కిలోలు, అందులో 50 గ్యాలన్ల మంచినీరు గ్యాలనుకు 8.3 పౌండ్ల చొప్పున 415 పౌండ్లు తింటుంది. సగటున 150 పౌండ్ల లెక్కన నలుగురు మనుషులు మరో 600 పౌండ్లు. మిగిలేది 185 పౌండ్లు, 84 కిలోలు. బియ్యం, పప్పులు, గిన్నెలు, కుర్చీలు, సైకిళ్లు, దుప్పట్లు అన్నీ ఆ 84 కిలోల్లో ఇమడాలి. పెద్ద పెద్ద అరలు, పది మంది సామాను పట్టే అడుగు గదులు చూసి మురిసిపోయే కొనుగోలుదారుకు తట్టనిది ఏమిటంటే, అరల పరిమాణాన్ని నిర్ణయించినవారు, ఇరుసు మోయగల బరువును నిర్ణయించినవారు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉండకపోవచ్చు. బరువు మించితే మొదట దెబ్బతినేది టైరు. ట్రైలరు టైరు పేలినప్పుడు ఊడిన రబ్బరు పట్టీ చక్రం పైనున్న నేలను చీల్చి, నీటి గొట్టాలను, వైర్లను కూడా తెంపుతుంది. పైగా పేలిన టైరు పైకి చూడటానికి కొత్తదిలా ఉండవచ్చు, ఎందుకంటే ట్రైలరు టైర్లు అరగడం కంటే ముందు ముసలివవుతాయి. టైరు పక్కన డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2322 అంటే 2022లో ఇరవైమూడో వారం.

కరెంటు విషయంలో లెక్క ఇంకా సులువు, అయినా ఎక్కువమంది ఎదురుదెబ్బ తినేది ఇక్కడే. క్యాంప్‌గ్రౌండులో బండికి అందే 30 ఆంపియర్ల కనెక్షన్ 120 వోల్టుల మీద 3,600 వాట్లు ఇస్తుంది. పైకప్పు ఏసీ సుమారు 1,500, మైక్రోవేవ్ దాదాపు అంతే, నీళ్లు కాచే కరెంటు కడ్డీ 1,400 వాట్ల దాకా లాగుతాయి. మూడూ ఒకేసారి నడిస్తే బ్రేకరు పడిపోవలసిందే. ఇండక్షన్ పొయ్యి ఒక్కటే 1,800 వాట్లు కోరుతుంది కనుక, ఏసీ వేసుకుని దాని మీద పప్పు ఉడికించేటప్పుడు మైక్రోవేవ్ జోలికి పోకూడదు. 50 ఆంపియర్ల కనెక్షన్ అంటే మరో ఇరవై మాత్రమే ఎక్కువ అనుకోవడం పొరపాటు. అందులో 120 వోల్టుల తీగలు రెండు ఉండటంతో మొత్తం 12,000 వాట్లు అందుతాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల మిక్సీ ఈ రెండింటిలో దేనితోనూ నేరుగా పనిచేయదు. బండి కొనేముందు ఇంట్లో రోజూ వాడే వస్తువుల వాట్లు ఒక కాగితం మీద రాసుకుని కూడితే, ఏ కనెక్షన్ బండి కావాలో కాగితమే తేల్చి చెబుతుంది.

పొడి ట్యాంకులు దాచే లోపాలు మాటల్లో పెట్టడానికి కొంత ఇబ్బందికరమే గాని, ఆర్‌వీ కాపురంలో అందరినీ బాధించేవి ఇవే. బండి కింద మూడు రకాల ట్యాంకులుంటాయి: మంచినీటిది, స్నానం, గిన్నెల నీరు చేరే గ్రే ట్యాంకు, మరుగుదొడ్డి మలినం చేరే బ్లాక్ ట్యాంకు. ఏది ఎంత నిండిందో చెప్పడానికి ట్యాంకు గోడలో వేర్వేరు ఎత్తుల్లో లోహపు మొలలు దిగేసి, నీరు తాకిన మొల దాకా విద్యుత్తు పారితే ఆ ఎత్తు దీపం వెలిగేలా అమరుస్తారు. మంచినీటికి ఇది పనికివస్తుంది. బ్లాక్ ట్యాంకులో కాగితం, మలినం మొలల మీద పేరుకుని, ట్యాంకు ఖాళీ అయ్యాక కూడా విద్యుత్తును పారనిస్తాయి కనుక, మూడింట రెండు వంతుల దీపం ఎప్పటికీ ఆరదు. దశాబ్దాలుగా తెలిసిన ఈ లోపం ఇంకా కొనసాగుతోందంటే, డీలరు ఆవరణలో ఆ దీపాల పలక శుభ్రంగా, నమ్మకంగా వెలగడమే కారణమై ఉండాలి. ట్యాంకు బయటి గోడకు అంటించే సెన్సర్లు విడిగా దొరుకుతాయి. అవి మలినాన్ని తాకవు కనుక మోసం చేయడం తక్కువ.

బ్లాక్ ట్యాంకుకు ఎక్కువ నీరే ప్రాణం. క్యాంప్‌గ్రౌండులో మురుగు గొట్టం తగిలించి ఉంది కదా అని కవాటం తెరిచి వదిలేస్తే, ద్రవమంతా జారిపోయి ఘనపదార్థం తొట్టి కింద గుట్టలా పేరుకుని గట్టిపడుతుంది. అందుకే కనీసం మూడింట రెండు వంతులు నిండేదాకా కవాటం మూసి ఉంచి, ముందు బ్లాక్, తర్వాత గ్రే ట్యాంకు వదలాలి, ఆ రెండో నీటితో గొట్టం కూడా కడిగినట్టవుతుంది. కాగితానికి బదులు నీళ్లు వాడే తెలుగువారి అలవాటు ఈ విషయంలో బండికి మేలే చేస్తుంది, కాకపోతే 40 గ్యాలన్ల ట్యాంకు, అంటే 150 లీటర్లు, అనుకున్నదానికంటే తొందరగా నిండుతుంది. స్నానం సంగతి వేరు: చాలా బండ్లలో వేడినీటి ట్యాంకు ఆరు గ్యాలన్లే, అంటే ఇరవై మూడు లీటర్లకు లోపు, ఒక బకెట్టుకు కాస్త ఎక్కువ. నలుగురున్న ఇంట్లో ఉదయం వరస ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

బయట గొట్టాలు తగిలించే చోట నిజంగా ప్రమాదకరమైన లోపం ఒకటుంది. ఎన్నో బండ్లలో మంచినీటి గొట్టం తగిలించే మూతి, బ్లాక్ ట్యాంకును లోపలినుంచి కడగడానికి నీరు తగిలించే మూతి ఒకే అరలో, జానెడు దూరంలో, ఒకే కొలత మరలతో, ఒకే తెల్లటి ప్లాస్టిక్‌తో ఉంటాయి. చీకట్లో, వానలో, అలసటతో దిగిన మనిషికి ఆ రెంటినీ గుర్తుపట్టించేది వేలి గోరంత అక్షరాల చీటీ మాత్రమే. రెండింటికీ వేర్వేరు రంగుల గొట్టాలు కేటాయించి, కడిగే మూతి చుట్టూ ఎర్ర రంగు పూసి, మంచినీటి గొట్టాన్ని వేరే పెట్టెలో భద్రపరచడం తొలిరోజే చేయవలసిన పని. మరుగుదొడ్డిలో వాసన మరో చిన్న లోపం వల్ల వస్తుంది: పైకప్పు ఫ్యాను తిరుగుతుండగా పెడలు నొక్కి తొట్టి మూత తెరిస్తే, ఫ్యాను బయటి గాలికి బదులు ట్యాంకులోని గాలిని పైకి లాగుతుంది. ముందు ఫ్యాను ఆపి తర్వాత పెడలు నొక్కితే సరిపోతుంది. అయితే ఆ రెండు స్విచ్‌ల మధ్య సంబంధాన్ని ఊహించి అమర్చిన రూపకర్త మాత్రం అరుదు.

పొయ్యి వెలిగించని బండిలో వంటగది లోపం కనబడదు. పొయ్యి పైన చిమ్నీలా కనిపించేది చాలాసార్లు చిమ్నీయే కాదు. పొగను ఒక జల్లెడ గుండా పీల్చి మళ్లీ గదిలోకే వదిలే ఫ్యాను. పొగ అలారం అక్కడికి ఆరేడు అడుగుల దూరంలో కప్పుకు ఉండటంతో, నూనెలో ఆవాలు చిటపటలాడి ఎండుమిరపకాయ వేగేసరికి అది మోగడం ఖాయం. అలారం బ్యాటరీ పీకేయడం చాలామంది చేసే పని, ఎంతమాత్రం చేయకూడని పని. బండి బయట గోడకు వంటగది సూటిలో గాలి పోయే తలుపు ఉందో లేదో చూస్తే ఫ్యాను ఏ రకమో తెలిసిపోతుంది. బయటికి పంపని రకమైతే, తాలింపును బయట బల్ల మీద చిన్న పొయ్యితో ముగించుకోవడం మేలు. గ్యాసు అలారం నేలకు దగ్గరగా ఉండటం మాత్రం లోపం కాదు. ప్రొపేన్ గాలికంటే బరువు కనుక అడుగునే చేరుతుంది.

మట్టంగా నిలిపిన బండి దాచే విషయం ఫ్రిజ్‌ది. 1922లో స్వీడన్ విద్యార్థులు బల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్‌టెర్స్ కనిపెట్టిన పద్ధతిలో నడిచే ఫ్రిజ్‌లో కదిలే భాగాలేవీ ఉండవు. వేడికి అమ్మోనియా ఆవిరై పైకెక్కి, చల్లబడి భూమ్యాకర్షణతో కిందికి జారుతుంది. బండి ఒరిగి నిలిస్తే ఆ జారుడు ఆగి గొట్టాలు పాడవుతాయి. కొత్త బండ్లలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ వస్తోంది, దానికి ఒరిగినా ఇబ్బంది లేదు, కాని అది బ్యాటరీని తింటుంది.

చిల్లర లోపాలకు కొదవ లేదు. క్వీన్ అని రాసిన మంచం పొడవు, ఇంటి క్వీన్ పరుపుకుండే 80 అంగుళాలకు బదులు, చాలాసార్లు 74 లేదా 75 అంగుళాలే ఉంటుంది. ఆరడుగుల మనిషికి ఆ తేడా రాత్రంతా తెలుస్తూనే ఉంటుంది. బయటి సామాను గదుల తాళాల్లో సీహెచ్ 751 అన్న ఒకే తాళంచెవి లెక్కలేనన్ని ఆర్‌వీలకు పడుతుంది, అది బజారులో ఎవరైనా కొనుక్కోవచ్చు. పొరుగు బండి తాళంచెవితో సొంత బండి తలుపు తీసి చూసుకున్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తాళాలు మార్చుకోవడానికి అయ్యే ఖర్చు స్వల్పమే.

కప్పు సంగతి వేరు. పైన చెప్పినవన్నీ విసుగు పుట్టించేవో, సర్దుకోదగినవో. కప్పు లోపం బండినే మింగుతుంది. రబ్బరు జాతి పొర పరిచిన కప్పులో ఏసీకి, గాలి కంతలకు, యాంటెనాకు కోసిన ప్రతి రంధ్రం చుట్టూ మెత్తని సీలెంటు పూస్తారు. ఎండకు అది పగులుతుంది, పగులులోంచి నీరు గోడలోకి దిగుతుంది. గోడ అంటే ఫైబర్‌గ్లాసు, పలుచని ప్లైవుడ్, నురుగు పలక జిగురుతో అతికించిన పొరలు కనుక, నీరు చేరితే జిగురు వదిలి బయటి గోడ బొబ్బలెక్కుతుంది; దీన్నే డీలామినేషన్ అంటారు, మరమ్మతు ఖర్చు చాలాసార్లు బండి విలువకే ఎసరు పెడుతుంది. ఉదయమో సాయంత్రమో ఏటవాలు వెలుతురులో గోడ పొడవునా ఒక చివరనుంచి చూస్తే ఉబ్బు కనబడుతుంది. లోపలి మూలలు, అరల వెనక భాగాలు, డ్రైవరు తల పైనున్న పడక అంచులు వేలితో నొక్కి మెత్తదనం పరీక్షించాలి. ముక్కిన వాసన రావడం ఒక సూచన. పాత బండిలో సుగంధం మరీ ఘాటుగా ఉండటం అంతకంటే పెద్ద సూచన. మూడు నెలలకోసారి కప్పెక్కి సీలెంటు చూసి ఫొటో తీసి ఉంచితే, వారంటీ వాదనలో కూడా పనికివస్తుంది.

బండి పొడవు డీలరు దగ్గర గొప్పగాను, రోడ్డు మీద బరువుగాను కనిపిస్తుంది. గ్లేసియర్ జాతీయవనంలోని గోయింగ్ టు ది సన్ రోడ్డులో అవలాంచ్, రైజింగ్ సన్ మధ్య 21 అడుగులు దాటిన వాహనాలను, అద్దాలతో కలిపి 8 అడుగులకు మించి వెడల్పున్నవాటిని అనుమతించరు. మామూలు పెద్ద ఆర్‌వీ వెడల్పే ఎనిమిదిన్నర అడుగులు. జాతీయవనాల పాత క్యాంప్‌గ్రౌండులెన్నో 1930ల్లో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే ప్రభుత్వ ఉపాధి పథకపు యువకులు నాటి బండ్ల కొలతలకు కట్టినవి. వెళ్లదలచిన చోట్ల కొలతలు ముందు రాసుకుని, ఆ తర్వాతే బండి వైపు చూడటం నయం.

కొనుగోలు తర్వాత లోపం బయటపడితే చట్టం ఆదుకునేది కొంతవరకే. అనేక రాష్ట్రాల్లో లోపభూయిష్ట వాహనాలకు ఉద్దేశించిన లెమన్ చట్టాలు మోటార్‌హోము ఇంజను, చట్రం వరకే వర్తించి, నివాస భాగాన్ని వదిలేస్తాయి. లాగే ట్రైలర్లకు అసలే వర్తించని చోట్లున్నాయి. లిఖిత వారంటీలను నియంత్రించే 1975 నాటి మాగ్నసన్ మాస్ ఫెడరల్ చట్టం కొంత అండ ఇస్తుంది గాని, ఏసీ ఒకరిది, ఫ్రిజ్ మరొకరిది, ఇరుసు ఇంకొకరిది కావడంతో బాధ్యత చేతులు మారుతూ పోతుంది. అందువల్ల బేరం బలం ఉన్న కాలం ఒక్కటే, డబ్బు చేతులు మారకముందు. అదే తరహా బండిని ముందు ఒక వారం అద్దెకు తీసుకుని కాపురం చేసి చూడటం, కొనే బండిని స్వతంత్ర తనిఖీదారుతో పరీక్ష చేయించడం, ట్యాంకులన్నీ నింపించి, గ్యాసు వెలిగించి, ఏసీ నడిపి, స్లయిడ్లు మూడునాలుగు సార్లు మూసి తెరిచి, డీలరు ఆవరణ సమీపంలోనే ఒక రాత్రి గడపడం వల్ల చాలావరకు సంగతులు తెలిసిపోతాయి. అలా తేలిన లోపాలను మూడు జాబితాలుగా రాయాలి: భరించగలిగినవి, తామే సరిచేసుకోగలిగినవి, డీలరు సరిచేస్తేనే బండి తీసుకునేవి. మూడో జాబితా కింద గడువు తేదీతో డీలరు సంతకం పెట్టించుకున్న తర్వాతే మిగిలిన చెక్కు రాయాలి.